బీజింగ్ శివారు జిల్లాలు: కొండల్లోని చరిత్రను తీరికగా చూసి రావడం ఎలా

బీజింగ్ రాజప్రాసాదంలో మెట్ల నడుమ, డ్రాగన్లు చెక్కి ఏటవాలుగా పరిచిన పాలరాతి పలకలను చూసిన ప్రతివారూ వాటి ముందు నిలబడి ఫోటో తీసుకుంటారు గాని, అంతంత బండలు ఎక్కడి నుంచి వచ్చాయో ఆరా తీసేవారు తక్కువ. అవి నగరానికి నైరుతిన, సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, ఫాంగ్‌షాన్ జిల్లాలోని దాషివో గనుల నుంచి వచ్చాయి. 1557లో 123 టన్నుల బండను నడి చలికాలంలో, దారి పొడవునా నీళ్లు పోసి మంచు గట్టిపడేలా చేసి, 28 రోజులపాటు చక్రాలు లేని జారుడు బండి మీద లాక్కొచ్చారు. నగరంలోని పొయ్యిల్లో మండిన బొగ్గు పడమటి కొండల మెన్‌తౌగౌ నుంచి గాడిదల మీద, ఒంటెల మీద వచ్చేది. చనిపోయిన చక్రవర్తులు ఉత్తరాన చాంగ్‌పింగ్ కొండల ఒడికి వెళ్లేవారు. నగరాన్ని నిలబెట్టింది ఈ శివార్లే కనుక, వాటిని చూడకుండా తిరిగి వచ్చినవారు బీజింగ్‌ను సగమే చూసినట్టు.

ముందుగా దూరాల సంగతి మనసులో పెట్టుకోవాలి. బీజింగ్ పాలనా ప్రాంతంలో 16 జిల్లాలున్నాయి. వాటి మొత్తం విస్తీర్ణం సుమారు 16,410 చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్‌లో పదో వంతు. అందులో అరవై శాతానికి పైగా కొండ ప్రాంతమే. హైదరాబాద్ నుంచి గోల్కొండ వెళ్లి వచ్చినట్టు ఒక పూటలో ముగిసే పని కాదిది. హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వెళ్లి వచ్చే ప్రయాణంగా లెక్క వేసుకుంటేనే ప్రణాళిక కుదురుతుంది. అందువల్ల నేను పాటించే నియమం ఒక్కటే: రోజుకు ఒక దిక్కు, ఆ దిక్కులో ఒక లోయ, అంతకు మించి వద్దు. ఉదయం ఉత్తరాన సమాధులు, మధ్యాహ్నం పడమట గుడి, సాయంత్రం నైరుతిన గుహ అని రాసుకున్నవారు రోజంతా రింగు రోడ్ల మీద ట్రాఫిక్‌ను చూసి వస్తారు.

బయలుదేరే ముందు ఫోన్‌ను సిద్ధం చేసుకోవడం సామాను సర్దుకోవడం కన్నా ముఖ్యం. చైనాలో గూగుల్ సేవలు నడవవు. భారతీయ సిమ్‌ను రోమింగ్‌లో పెట్టుకుంటే డేటా సాధారణంగా మన దేశపు నెట్‌వర్క్ మీదుగా వెళ్తుంది గనుక వాట్సాప్ వంటివి పనిచేస్తాయి. అయినా గూగుల్ మ్యాప్‌ను మాత్రం నమ్ముకోకూడదు. చైనా తన పటాలకు వేరే అక్షాంశ రేఖాంశ పద్ధతిని వాడుతుంది. దానివల్ల మనం నిలబడిన చోటును సూచించే నీలి చుక్క కొన్ని వందల మీటర్లు పక్కకు జరిగి కనిపిస్తుంది. నగరంలో అది పక్క వీధి అవుతుంది, కొండల్లో అయితే లోయకు అవతలి ఒడ్డు అవుతుంది. స్థానికులు వాడే అమాప్ అనే పటాన్ని పెట్టుకోవాలి. శివారు బస్సుల నంబర్లు, చివరి బస్సు వేళలు తరచుగా మారుతుంటాయి కనుక వాటిని కూడా ప్రయాణం నాటి ఉదయమే అందులో చూసుకోవాలి. ఈ కారణంగానే నేనిక్కడ బస్సు నంబర్లు ఇవ్వడం లేదు.

చెల్లింపులకు యూపీఐ పనికిరాదు. అలీపే యాప్‌లో మన వీసా లేదా మాస్టర్‌కార్డును ముందుగానే జతచేసి, బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలకు అనుమతి ఇచ్చి పెట్టుకోవాలి. మెట్రో గేటు, బస్సు, టాక్సీ, గుడి ముంగిట వేయించిన చెస్ట్‌నట్ గింజలమ్మే ముసలమ్మ, అందరి దగ్గరా ఆ ఒక్క యాప్ సరిపోతుంది. దీదీ టాక్సీని కూడా అందులోంచే పిలవవచ్చు. అయినా జేబులో రెండు మూడు వందల యువాన్ల నోట్లు ఉంచుకోండి. కొండ ఊళ్లలో ఫోన్ చార్జింగ్ అయిపోయినప్పుడు ఆ నోట్లే దిక్కు. ఒక యువాన్ మన డబ్బులో సుమారు 12 రూపాయలు. మెట్రోలో 6 కిలోమీటర్ల వరకు 3 యువాన్లు, 22 నుంచి 32 కిలోమీటర్ల వరకు 6 యువాన్లే కనుక, మెట్రో చేరినంత దూరం మెట్రోలో వెళ్లి, ఆ చివర మాత్రమే టాక్సీ ఎక్కడం అన్ని విధాలా లాభం. పాస్‌పోర్టును బసలో వదిలి వెళ్లకూడదు. ప్రవేశ టికెట్లు, రైలు టికెట్లు దాని నంబరు మీదే ఇస్తారు.

ఏ కాలంలో వెళ్లాలనే ప్రశ్నకు నా సమాధానం అక్టోబరు మధ్య నుంచి నవంబరు మొదటి వారం వరకు. గింకో చెట్లు పసుపెక్కే రోజులవి, గాలి పొడిగా, ఆకాశం తేటగా ఉంటుంది. అక్టోబరు మొదటి వారం చైనా జాతీయ దినోత్సవ సెలవులు. ఆ వారంలో ఏ దర్శనీయ స్థలానికీ వెళ్లకపోవడం ఉత్తమం. మే 1 నుంచి వచ్చే సెలవులకూ ఇదే మాట. జూలై, ఆగస్టు నెలల్లో కొండలు పచ్చగా ఉన్నా నేను సిఫారసు చేయను. 2023 జూలై చివరలో కురిసిన కుండపోతకు మెన్‌తౌగౌ, ఫాంగ్‌షాన్ జిల్లాల్లో వాగులు పొంగి రోడ్లు, రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. 2025 జూలైలో ఈశాన్యాన మియున్, హువాయ్‌రౌ జిల్లాలకు అదే గతి పట్టింది. వర్ష హెచ్చరిక వచ్చిన రోజున కొండ ప్రాంతపు దర్శనీయ స్థలాలను మూసివేస్తారు. తెరిచి ఉన్నట్టు కనిపించినా వెళ్లకండి.

ఇక దిక్కుల సంగతికి వద్దాం. మొదటిసారి వెళ్లేవారికి పడమర దిక్కు మేలు. మెట్రో ఆరవ లైనులో చివరి స్టేషనైన జిన్‌ఆన్‌చియావో చేరి, అక్కడ ఎస్1 లైనుకు మారితే మెన్‌తౌగౌ జిల్లా మొదలవుతుంది. 2017లో మొదలైన ఈ లైను అయస్కాంత శక్తితో పట్టాలకు కాస్త పైన తేలుతూ నడుస్తుంది. వేగం మామూలుదే అయినా చక్రాల చప్పుడు లేని ఆ ప్రయాణం పిల్లలకు సరదాగా ఉంటుంది. లైను చివర దిగి బస్సో టాక్సీయో పట్టుకుంటే తాన్‌జె ఆలయం, జియెతాయ్ ఆలయం రెండూ ఒకే కొండదారిలో వస్తాయి. ముందు దూరంగా ఉన్న తాన్‌జెకు వెళ్లి, తిరుగు దారిలో జియెతాయ్ దగ్గర దిగడం సుఖం. ఈ క్రమం తిరగేస్తే సాయంత్రం చివరి బస్సు కోసం కొండ మీద నుంచి పరుగెత్తవలసి వస్తుంది.

తాన్‌జె ఆలయం క్రీ.శ. 307లో వెలసిందని చెబుతారు. "ముందు తాన్‌జె గుడి, తరవాతే బీజింగ్ నగరం" అనేది అక్కడివారి సామెత. ప్రధాన మందిరాలను చూసుకుంటూ పైకి వెళ్తే, వెయ్యేళ్లు దాటిన గింకో చెట్టొకటి ప్రాంగణమంతా కమ్ముకుని ఉంటుంది. చియెన్‌లుంగ్ చక్రవర్తి దానికి "చక్రవర్తి వృక్షం" అని పేరు పెట్టాడు. జనమంతా ఆ చెట్టు కిందే ఆగిపోతారు. మీరు ఇంకా పైకెక్కి అవలోకితేశ్వరుని మందిరం దాకా వెళ్లండి. కుబ్లాయ్ ఖాన్ కూతురు మియావోయెన్ సన్యసించి ఇక్కడే ఉండిపోయిందనీ, రోజూ ఒకే చోట నిలబడి సాగిలపడి మొక్కగా మొక్కగా కాలి కింది ఇటుక అరిగిపోయిందనీ కథ. ఆ ఇటుకను పెట్టెలో భద్రపరిచి చూపుతారు. కథ ఎంతవరకు నిజమైనా, రెండు పాదాల ఆకారంలో గుంటపడిన ఆ మట్టి ఇటుకను వంగి చూస్తున్నప్పుడు, మన గుళ్లలో గడపరాళ్లు నడుమ అరిగి లోతుపడిన తీరే గుర్తుకు వస్తుంది. గుడి వెలుపల సన్యాసుల సమాధి స్తూపాలు డెబ్భైకి పైగా ఒక తోపులా ఉన్నాయి. బస్సు దిగినవారిలో సగం మంది అటు తిరగరు కాబట్టి ప్రశాంతంగా చూడవచ్చు.

జియెతాయ్ ఆలయం భిక్షువులకు దీక్ష ఇచ్చే వేదికకు ప్రసిద్ధి. ఆ వేదిక లియావో వంశ కాలంలో 11వ శతాబ్దంలో ఏర్పడింది. నిజానికి నన్ను అక్కడ నిలబెట్టింది వేదిక కాదు, పైన్ చెట్లు. ఒకటి పడుకున్న డ్రాగన్‌లా రాతి గట్టు మీదికి వాలి ఉంటుంది. మరొకదాని కొమ్మను ఒకదాన్ని లాగితే చెట్టంతా వణుకుతుందని చెబుతారు. అందరూ లాగి చూడాలనుకుంటే చెట్టు ఏమవుతుందో మనకు తెలియనిది కాదు గనుక దూరం నుంచి చూడడమే మర్యాద.

అదే జిల్లాలో ష్వెయ్‌యూజ్వెయ్ అనే ఊరి పైనున్న పాత బొగ్గు దారిని గురించి ఎక్కువ మంది చెప్పరు, నేను మాత్రం దాని కోసం ఒక పూట పూర్తిగా కేటాయించమంటాను. ఊరి నుంచి ఎక్కితే నియుజియావ్‌లింగ్ అనే కనుమ, దానిపై చిన్న రాతి ద్వారం వస్తాయి. ఆ కనుమ దారిలోని బండల మీద, వందల ఏళ్లపాటు బొగ్గు మోసిన కంచర గాడిదల డెక్కలు ఒకే చోట పడీ పడీ గుంటలు తొలిచాయి. ఒక్కొక్క గుంట దోసెడు నీళ్లు పట్టేంత లోతు. వాన వెలిసిన మర్నాడు వాటిలో నీరు నిలిచి, దారి పొడవునా చిన్న చిన్న గిన్నెలు పేర్చినట్టుంటుంది. ముందు గాడిద అడుగు వేసిన చోటే వెనక గాడిద అడుగు వేసేదని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. ఈ కొండల్లో చివరగా మిగిలిన దాతాయ్ బొగ్గు గని 2019లో మూతపడింది. అడుగు గట్టిగా ఉన్న బూట్లు వేసుకోండి. ఆ బండలు నున్నగా అరిగి జారుతాయి.

రాత్రి బస చేసే వీలున్నవారు ఇదే దిక్కున నగరానికి 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న త్స్వాన్‌దీషియా గ్రామానికి వెళ్లాలి. కొండ వాలు మీద విసనకర్రలా పరుచుకున్న డెబ్భైకి పైగా మండువా లోగిళ్లు మింగ్, చింగ్ వంశాల కాలపు తీరులోనే నిలిచి ఉన్నాయి. ఊరంతటికీ ఇంటిపేరు ఒక్కటే, హాన్. ఊరి పేరులోని మొదటి అక్షరానికి పొయ్యి అని అర్థం. దానిని రాయడానికి ముప్ఫై గీతలు కావాలి. చదవలేక ఇబ్బంది పడేవారి కోసం అదే ఉచ్చారణకు దగ్గరైన మూడు గీతల అక్షరాన్ని కూడా వాడుతుంటారు కాబట్టి, బస్సు బోర్డు మీద ఒకటి, ఊరి ద్వారం మీద మరొకటి కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. చక్రవర్తి వృక్షం దగ్గర కనిపించిన జనం ఇక్కడికీ వస్తారు, కాని సాయంత్రం నాలుగు దాటాక వెళ్లిపోతారు. ఆ తరవాత ఎదుటి కొండమీదికి పది నిమిషాలు ఎక్కి చూస్తే బూడిద రంగు పెంకుల కప్పులన్నీ ఒక్క చూపులో ఇమిడిపోతాయి. బస విషయంలో ఒక జాగ్రత్త అవసరం: విదేశీయులు ఎక్కడ బస చేసినా 24 గంటల్లో పోలీసు నమోదు జరగాలి. హోటళ్లు ఆ పని తామే చేస్తాయి గాని, గ్రామపు ఇళ్లలోని బసలన్నిటికీ ఆ ఏర్పాటు ఉండదు. బుక్ చేసే ముందే విదేశీ పాస్‌పోర్టును తీసుకుంటారా అని అడిగి, ఆ జవాబును ఫోన్‌లో ఉంచుకోండి. నేను ఆ మాట అడగకుండా వెళ్లి, చీకటి పడ్డాక ఒక గడపలోంచి మర్యాదగానే వెనుదిరగవలసి వచ్చింది. చివరకు కూరగాయల వ్యానులో లోయ దిగువన ఉన్న పట్నానికి చేరాను.

రెండవ దిక్కు నైరుతి, అంటే ఫాంగ్‌షాన్. తెలుగువారికి నేను గట్టిగా సిఫారసు చేసేది ఇదే. మెట్రో ఫాంగ్‌షాన్ లైను, దానికి కొనసాగింపుగా డ్రైవరు లేకుండా నడిచే యెన్‌ఫాంగ్ లైను మిమ్మల్ని జిల్లా లోపలి దాకా చేరుస్తాయి. అక్కడి నుంచి బస్సులు పలచగా ఉంటాయి గనుక, ఇద్దరు ముగ్గురు కలిసి రోజంతటికీ ఒక కారు మాట్లాడుకోవడమే తెలివైన పని. బేరంలో, ఎక్కే ముందే మూడు సంగతులు తేల్చుకోవాలి: ఎక్కడెక్కడ ఆగుతుంది, ఎంతసేపు వేచి ఉంటుంది, తిరిగి మెట్రో దగ్గర దించుతుందా లేదా. వెళ్లేటప్పుడు దీదీ దొరికింది కదా అని తిరుగు ప్రయాణాన్ని దాని మీద వదిలేస్తే, కొండ దిగువన అరగంట నిలబడినా ఏ కారూ రాకపోవచ్చు.

జౌకౌదియెన్ గుహలు ప్రపంచ వారసత్వ జాబితాలో 1987లో చేరాయి. 1929 డిసెంబరు 2న పెయ్ వెన్‌జుంగ్ ఇక్కడే పీకింగ్ మానవుడనే ఆదిమానవుని మొదటి పుర్రెను వెలికితీశాడు. యుద్ధకాలంలో, 1941లో, ఆ అసలు శిలాజాలు అమెరికాకు తరలించే ప్రయత్నంలో మాయమై నేటికీ దొరకలేదు. మనం ప్రదర్శనశాలలో చూసే పుర్రెలు అచ్చులు. ఈ సంగతి ముందే తెలిసి వెళ్తే నిరాశ ఉండదు. ప్రదర్శనశాలను గంటలో ముగించి, మొదటి గుహ లోపలి గోడను మాత్రం తీరికగా చూడండి: ఒకదాని మీద ఒకటి పేరుకున్న మట్టి పొరలను అంచెలంచెలుగా తవ్విన తీరు, పొరలకు వేసిన అంకెలు ఇంకా కనిపిస్తాయి.

అక్కడి నుంచి మరింత నైరుతికి సాగితే దాషివో మండలంలో, ఆ పాలరాతి గనుల చెంతనే, యున్‌జూ ఆలయం ఉంది. చైనాలో బౌద్ధం మీద రెండుసార్లు రాజాగ్రహం విరుచుకుపడి గ్రంథాలు బూడిదయ్యాక, కాగితాన్ని నమ్ముకుంటే లాభం లేదని తలచి జింగ్‌వాన్ అనే భిక్షువు 7వ శతాబ్ది ఆరంభంలో సూత్రాలను రాళ్ల మీద చెక్కించడం మొదలుపెట్టాడు. ఆయన తరవాత శిష్యులు, వారి శిష్యులు ఆ పనిని సుమారు వెయ్యేళ్లు సాగించారు. మొత్తం 14,278 శిలాఫలకాలు. కొన్నిటిని కొండ మీది తొమ్మిది గుహల్లో పెట్టి మూసివేశారు, మిగతావాటిని గుడి దక్షిణ స్తూపం పక్కన భూమిలో పాతిపెట్టారు. తాళ్లపాక కవుల కీర్తనలను రాగిరేకుల మీదికెక్కించి తిరుమల గుడిలో రాతి అరలో దాచిన సంగతి తెలిసినవారికి ఈ ఆలోచన కొత్తగా అనిపించదు. 1957లో నేలలోంచి తవ్వి తీసిన ఫలకాలు గాలి తగిలి పాడవుతుండడంతో, 1999లో వాటిని నత్రజని నింపిన భూగర్భ గదిలో తిరిగి మూసిపెట్టారు. మనం మెట్లు దిగి, అద్దపు కిటికీల గుండా వరసలు వరసలుగా నిలబెట్టిన రాళ్లను చూడవలసిందే, తాకడానికి లేదు. తాకనివ్వలేదని విసుక్కునే యాత్రికులను చూశాను. తాకనివ్వకపోవడమే ఇక్కడి వెయ్యేళ్ల పద్ధతి.

ఆ రాళ్ల మీద చెక్కిన వాటిలో హ్యుయాన్ త్సాంగ్ చైనా భాషలోకి తెచ్చిన 600 సంపుటాల మహాప్రజ్ఞాపారమిత సూత్రం ఉంది. ఆ యాత్రికుడు 7వ శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చి, ధాన్యకటకాన్ని, అక్కడి పూర్వశైల, అపరశైల విహారాలను గురించి రాసిన సంగతి మనం బడిలోనే చదువుకున్నాం. అమరావతి చూసినవారు యున్‌జూకు వెళ్తే, ఆ పుటకు రెండో వైపు చూసినట్టుంటుంది. గుడిలో ఉత్తర స్తూపం లియావో కాలానిది. దాని నాలుగు మూలల్లో నిలబడిన చిన్న రాతి స్తూపాలు అంతకన్నా పాతవి, 8వ శతాబ్ది తొలినాళ్ల తాంగ్ కాలపు పని. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బాంబులకు గుడి చాలావరకు నేలమట్టమైంది. ఇప్పుడు కనిపించే మందిరాలు 1980ల తరవాత కట్టినవి కనుక సమయమంతా వాటి రంగుల మీద పెట్టక స్తూపాల మీద, రాళ్ల మీద పెట్టండి. ఓపిక ఉంటే ఎదురుగా ఉన్న కొండనెక్కి, లెయ్‌యిన్ గుహ గోడలకు అమర్చిన తొలినాటి ఫలకాలను చూడవచ్చు. దానికి రెండు గంటలు అదనంగా పెట్టుకోవాలి.

ఉత్తర దిక్కును గురించి క్లుప్తంగా చెబుతాను, దారి సులువు గనుక. మింగ్ వంశంలోని 16 మంది చక్రవర్తులలో 13 మంది సమాధులు చాంగ్‌పింగ్ జిల్లాలో ఉన్నాయి. మెట్రో చాంగ్‌పింగ్ లైనులో ఆ సమాధుల పేరే పెట్టుకున్న స్టేషను ఉంది. పేరు చూసి దిగి నడవవచ్చనుకోకండి, సమాధులకు ఇంకా కిలోమీటర్ల దూరం ఉంటుంది, బస్సు లేదా టాక్సీ తప్పదు. చాలామంది తవ్వి తెరిచిన ఒకే ఒక సమాధి అని దింగ్‌లింగ్‌కు పరుగెత్తుతారు. 1957లో అందులోంచి బయటపడ్డ పట్టువస్త్రాలు సరైన సంరక్షణ లేక పాడయ్యాయి. సాంస్కృతిక విప్లవంలో వాన్‌లీ చక్రవర్తి ఎముకలను తగులబెట్టారు. ఇప్పుడు భూగర్భంలో ఉన్నది చాలావరకు ఖాళీ గదులు. నా ఓటు యుంగ్‌లా చక్రవర్తి సమాధి చాంగ్‌లింగ్‌కు; అక్కడి మందిరంలో నాన్‌ము అనే సువాసనగల కలప దూలాలతో, రంగు పూయకుండా నిలబెట్టిన 60 స్తంభాలున్నాయి. దారిలో 18 జతల రాతి విగ్రహాలు కాపలా కాస్తున్న పవిత్ర మార్గాన్ని నడిచి దాటండి. మహాకుడ్యం కోసం బాదాలింగ్‌కు వెళ్లదలిస్తే వేగపు రైలు ఉంది, దాని స్టేషను భూమికి 102 మీటర్ల లోతున కట్టినది. కాస్త తక్కువ రద్దీ కావాలంటే హువాయ్‌రౌ జిల్లాలోని ముతియెన్‌యూ మేలు.

శాకాహారులు భోజనం గురించి ముందే ఆలోచించుకోవాలి. "వో ఛ్ర్ సూ" అంటే నేను శాకాహారిని అని అర్థం. అయినా గుడ్డు, మాంసపు రసం వారి లెక్కలో మాంసం కాకపోవచ్చు గనుక, గుడ్డు వద్దు, మాంసం వద్దు అని చైనా అక్షరాలలో రాసిన వాక్యాన్ని ఫోన్‌లో చూపడం నయం. పెద్ద ఆలయాల దగ్గర శాకాహార భోజనశాల ఉంటే అది ఆ రోజుకు అదృష్టం. లేకపోతే కొండ ఊళ్లలో టమాటా నూడుల్స్, మొక్కజొన్న పిండితో చేసిన ఆవిరి ముద్దలు దొరుకుతాయి. స్టేషన్లలో, బసల్లో వేడినీళ్లు ఉచితం, ఒక ఫ్లాస్కు వెంట ఉంచుకోండి.

ఫాంగ్‌షాన్ నుంచి తిరిగి వచ్చే రోజున చీకటి పడేలోపు సమయం మిగిలితే, మెట్రో పదహారవ లైనులోని వాన్‌పింగ్ కోట స్టేషనులో దిగి లుగౌ వంతెన మీద నడవండి. 1192లో పూర్తయిన ఆ 11 కమానుల వంతెనకు ఇరువైపులా కటకటాల స్తంభాల మీద వందల రాతి సింహాలున్నాయి. అధికారికంగా లెక్కించినది 501. తల్లి పంజా కింద ఒకటి, వీపు మీద ఒకటి, చెవి పక్కన మరొకటి పిల్లలు దాగి ఉండడంతో ఏ ఇద్దరి లెక్కా కలవదు. 1937 జూలై 7న జపాన్ సేనతో పోరు మొదలైన చోటు ఇదే, పక్కనున్న కోట గోడ మీద గుండ్ల దెబ్బలు ఇంకా ఉన్నాయి. వంతెన నడుమ పాత రాళ్లను చెరపకుండా విడిచిపెట్టిన చోట బండ్ల చక్రాలు తొలిచిన గాడులు చూడండి. నైరుతి నుంచి నగరానికి చేరిన బండ్లన్నీ ఈ వంతెన మీదుగానే వచ్చేవి.